టిక్ టిక్ ఆగితేనే భయం

మడత సైకిల్ వెనక చక్రంలో దాక్కున్న మూడు గేర్ల హబ్బు ఏ చప్పుడు ఎందుకు చేస్తుంది? నూనెతో సరిపోయేది ఎప్పుడు, విప్పక తప్పనిది ఎప్పుడు?

మడత సైకిల్ కొన్నవాళ్లలో చాలామందికి మొదటి నెల తిరక్కుండానే ఒక అనుమానం పట్టుకుంటుంది. వెనక చక్రం నడిమధ్య నుంచి టిక్ టిక్ టిక్ అని చప్పుడు. బజారు రద్దీలో తెలియదు. తెల్లారుజామున, పాలవాడు కూడా రాని వీధిలో తొక్కుతుంటే మాత్రం అది తప్ప మరేమీ వినపడదు. రెండో గేరులో ఉంటుంది, మూడో గేరులో ఉంటుంది, ఒకటికి మార్చగానే మాయమవుతుంది. మళ్లీ రెండు వేస్తే మళ్లీ మొదలు. కొత్త సైకిల్‌కి అప్పుడే జబ్బేమిటని దిగులు. ఓపిక ఉన్నవాళ్లు షాపుకి నడిపించుకెళ్తారు. లేనివాళ్లు కొబ్బరి నూనె సీసా మూత తీస్తారు.

రెండూ అక్కర్లేదు. ఆ చప్పుడు ఆరోగ్య లక్షణం. ఈ హబ్బుల విషయంలో నిజంగా కంగారు పడాల్సింది రెండో గేరులో ఆ టిక్ టిక్ ఉన్నట్టుండి ఆగిపోయిన రోజున. ఎందుకో తెలియాలంటే హబ్బు లోపలికి వెళ్లాలి. ముందు విప్పకుండానే వెళ్దాం. విప్పే పని ఎలాగూ ఉంది.

డబ్బాలో సూర్యుడు, గ్రహాలు

మన ఊళ్లలో సైకిళ్లు రెండు రకాలుగా కంటికి అలవాటు. గేరే లేని పాత నల్ల సైకిల్ ఒకటి. వెనక చక్రానికి మెట్లు మెట్లుగా పళ్ల చక్రాలు, కింద వేలాడే డిరైలర్, గేరు మార్చినప్పుడల్లా చెయిను ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి ఎక్కే రకం మరొకటి. హబ్ గేరు మూడో రకం. బయటికి ఏమీ కనపడదు. చెయిను కదలదు. గేర్లన్నీ ఇరుసు చుట్టూ పిడికిలంత డబ్బాలో మూసేసి ఉంటాయి. కుడి పక్క ఇరుసుకు నడిమధ్య సన్నటి బెజ్జం, అందులోంచి ఒక చిట్టి గొలుసు బయటికొచ్చి గేరు కేబుల్‌కి తగులుకుంటుంది. అంతే ఆనవాలు.

మెకానికల్ డిప్లొమా చదివినవాళ్లకి ఇది ఎపిసైక్లిక్ గేరు. తతిమ్మావాళ్ల కోసం, స్టర్మీ ఆర్చర్ కంపెనీ ఏడబ్ల్యూ హబ్బునే తీసుకుందాం. ఇరుసుకే అంటిపెట్టుకుని, అసలు తిరగని 20 పళ్ల చక్రం మధ్యలో ఉంటుంది. దాన్ని సూర్యుడంటారు. చుట్టూ తిరిగే చిన్న పళ్ల చక్రాలు నాలుగు, అవి గ్రహాలు. ఆ నాలుగింటినీ పట్టి ఉంచే బోను ఒకటి. వీటన్నిటినీ చుట్టేసి, లోపలి వైపు 60 పళ్లున్న ఉంగరం ఒకటి. చెయిను నుంచి వచ్చే తోపును ఉంగరానికి ఇచ్చి బోను నుంచి పుచ్చుకుంటే చక్రం నెమ్మదిస్తుంది. 60ని, 60కి 20 కలిపిన 80తో భాగిస్తే ముప్పాతిక. అది ఒకటో గేరు. తిరగేసి, తోపును బోనుకి ఇచ్చి ఉంగరం నుంచి పుచ్చుకుంటే 80 బై 60, అంటే ఒకటీ మూడోవంతు. అది మూడో గేరు. గ్రహాలతో సంబంధం లేకుండా నేరుగా చక్రానికి పోతే రెండో గేరు. తోపు ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేది శిలువ ఆకారంలో ఉన్న ఒక క్లచ్చు. హ్యాండిల్ మీద గేరు లీవరు కదిపితే ఆ చిట్టి గొలుసు లాగేది దీన్నే.

ఇప్పుడు చప్పుడు సంగతి. లోపలి సరంజామా నుంచి డబ్బా తోపు అందుకునేది ఉక్కు నాలుకల ద్వారా. గోరంత ముక్కలు, వెంట్రుకంత స్ప్రింగు వాటిని లేపి ఉంచుతుంది. మామూలు సైకిల్ ఫ్రీవీలులో ఉండేవీ ఇలాంటివే: తొక్కితే పట్టుకుంటాయి, తొక్కడం ఆపితే జారుతూ టకటకలాడతాయి. మూడు గేర్ల హబ్బులో ఇవి రెండు జట్లు. ఎడమ జట్టు గ్రహాల బోను మీద ఉంటుంది, కుడి జట్టు ఉంగరం మీద. ఒకటో గేరులో కుడి జట్టును క్లచ్చు అణిచి పెడుతుంది, ఎడమ జట్టు చక్రాన్ని తోస్తుంది. తోస్తున్న నాలుక చప్పుడు చెయ్యదు, అణిగి ఉన్న నాలుకా చెయ్యదు. అందుకే ఒకటో గేరులో నిశ్శబ్దం. రెండు, మూడు గేర్లలో తోసే పని కుడి జట్టుది. అప్పుడు డబ్బా వేగం బోను వేగాన్ని మించిపోతుంది. వెనకబడ్డ ఎడమ జట్టు డబ్బా లోపలి గంట్ల మీద జారుతూ టిక్ టిక్ మంటుంది.

ఇక చూసుకోండి. రెండో గేరులో ఆ చప్పుడు ఆగిందంటే ఎడమ జట్టు లేవడం లేదన్నమాట. పాత నూనె జిగురై పట్టేసిందో, స్ప్రింగు విరిగిందో. రెండో గేరుకు ఆ జట్టుతో పని లేదు కాబట్టి సైకిల్ భేషుగ్గా నడుస్తుంది. పైగా గోల తగ్గిందని యజమానికి సంతోషం. ఫ్లైఓవర్ మొదట్లో ఒకటి వేస్తాడు. ఒకటో గేరుకు ఆధారం ఆ ఎడమ జట్టే. పెడల్ గిర్రున ఖాళీగా తిరుగుతుంది.

టిక్ టిక్ పెద్ద సైకిళ్ల కంటే మడత సైకిళ్లలో ఎక్కువగా వినపడటానికి వేరే మర్మమేమీ లేదు, చక్రం చిన్నది. 16 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 1.3 మీటర్లు పోతుంది. పాత నల్ల సైకిల్ చక్రం 2 మీటర్ల పైచిలుకు. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో పెద్ద చక్రం నిమిషానికి 115 చుట్లు తిరిగితే చిన్నది 190 దాకా తిరగాలి. అదే దూరానికి ఒకటిన్నర రెట్ల పైన టిక్కులు. కొత్తవాళ్ల భయానికి సగం కారణం ఈ లెక్కే.

నాటింగ్‌హమ్‌లో పుట్టినది

ఈ హబ్బు మీద ఇద్దరి పేర్లున్నాయి. పనిలో పెద్ద వాటా ఉన్న మూడో మనిషి పేరు లేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండులో విలియం రైలీ అనే ఆయన రెండు గేర్ల హబ్బు కనిపెట్టి, దాన్ని తయారు చేసే కంపెనీతో ఒప్పందం రాసుకున్నాడు. ఆ ఒప్పందం అతని తర్వాతి ఆలోచనల్ని కూడా కట్టిపడేసింది. దాంతో మూడు గేర్ల హబ్బు పేటెంటు తోటి పనివాడు జేమ్స్ ఆర్చర్ పేరు మీద తీసుకోవాల్సొచ్చింది. అదే రోజుల్లో హెన్రీ స్టర్మీ కూడా సొంతంగా మూడు గేర్ల హబ్బు రూపొందించాడు. స్టర్మీ మా వృత్తివాడు. సైకిల్ పత్రికకి సంపాదకుడు, 1895లో మొదలైన ది ఆటోకార్ పత్రికకి తొలి సంపాదకుడూ ఆయనే. రాలీ సైకిల్ కంపెనీ యజమాని ఫ్రాంక్ బౌడెన్ రెండు పేటెంట్లనూ చేజిక్కించుకుని 1902లో వ్యాపారం మొదలుపెట్టాడు. బౌడెన్ హాంకాంగ్‌లో డబ్బు గడించి, ఆరోగ్యం పోగొట్టుకుని స్వదేశం చేరినవాడు. డాక్టరు సైకిల్ తొక్కమన్నాడు. తొక్కి కోలుకుని, నాటింగ్‌హమ్‌లోని రాలీ వీధిలో ఆ సైకిళ్లు చేసే చిన్న దుకాణాన్నే కొనేశాడు.

1936లో వచ్చిన ఏడబ్ల్యూ నమూనా ప్రపంచాన్ని చుట్టింది. ఆ హబ్బుల డబ్బా మీద తయారైన సంవత్సరం, నెల గుద్ది ఉంటాయి, కొన్న బిల్లు పోయినా వయసు తెలుస్తుంది. మన దేశానికి ఇది పెద్దగా రాలేదు. రాలీతో పొత్తులో ఆసన్‌సోల్‌లో సేన్ రాలీ, బ్రిటిష్ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో పొత్తులో 1949లో మద్రాసులో టీఐ మొదలైనా, వాటి నుంచి మన పల్లెలకి చేరినవి ఎక్కువగా ఒంటి గేరు సైకిళ్లే. బియ్యం బస్తా, పాల క్యాన్లు, వెనక పెళ్లాం, ముందు కడ్డీ మీద పిల్లాడు. ఆ బరువుకి ఒంటి గేరూ, లావు గొట్టాలూ సరిపోయాయి. పర్యవసానం ఏమిటంటే, ఫ్రీవీలుని కళ్లు మూసుకుని విప్పే మన మెకానిక్కుల్లో చాలామంది హబ్ గేరు లోపల చెయ్యి పెట్టిన సందర్భమే లేదు. చేతకాక కాదు, ఎదురుపడక.

నాటింగ్‌హమ్ ఫ్యాక్టరీ 2000లో మూతపడింది. యంత్రాలూ పేరూ తైవాన్‌కి చెందిన సన్‌రేస్ కొనుక్కుంది. ఆ దెబ్బ తగిలినవాళ్లలో లండన్ బ్రాంప్టన్ ఒకరు. ఆండ్రూ రిచీ అనే ఇంజినీరు 1975లో తన ఫ్లాటులో ఆలోచన మొదలుపెట్టి, ఎదురుగా కనిపించే బ్రాంప్టన్ ఒరేటరీ చర్చి పేరే పెట్టుకున్న మడత సైకిల్ అది. నిలకడగా ఉత్పత్తి అందుకునేసరికి 1988 అయింది. స్టర్మీ హబ్బులు ఆగిపోయాక కొన్నాళ్లు ఎస్‌రామ్ కంపెనీ హబ్బులతో నెట్టుకొచ్చి, 2009 నుంచి తమ కోసమే తైవాన్‌లో చేయించిన విశాల శ్రేణి హబ్బు వాడుతున్నారు. దానిలో ఒకటో గేరు 64 శాతం, మూడోది 157 శాతం.

మడత సైకిల్‌కీ హబ్ గేరుకీ జత ఊరికే కుదరలేదు. చిన్న చక్రానికి డిరైలర్ పెడితే అది నేలకు బెత్తెడు ఎత్తులో వేలాడుతుంది, మడిచేటప్పుడు దేనికో ఒకదానికి తగులుతుంది. హబ్బుకి ఆ బాధ లేదు. రెడ్ సిగ్నల్ దగ్గర నిలబడ్డాక కూడా గేరు మార్చుకోవచ్చు. రైల్లో పక్కవాడి ప్యాంటుకి నూనె మరక అంటదు. లండన్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లు చెప్పే మాట కూడా ఇదే.

వినడం ఒక పని

సైకిల్ చూడగానే పానా అందుకునే మెకానిక్ అంటే నాకు గుండె దడ. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక పెద్దాయన అలా చెయ్యలేదు. వెనక నుంచి కీచుమంటోందని నా మడత సైకిల్ తీసుకెళ్తే, అరుగు మీంచి దిగకుండానే ప్రశ్నలు మొదలెట్టాడు.

"తొక్కినప్పుడా సార్, వదిలేసినప్పుడా?"

"తొక్కినప్పుడే."

"మూడు గేర్లలోనూనా?"

"మూడింట్లోనూ అండీ. హబ్బు పోయిందేమో."

"అన్నింట్లో ఒకటే చప్పుడైతే గేర్లనెందుకు అనుమానిస్తారు సార్?"

సీటు పట్టి వెనక చక్రం లేపి, పెడల్ చేత్తో తిప్పాడు. చెయిను కింద, దాన్ని బిగుతుగా ఉంచే చిన్న ప్లాస్టిక్ చక్రాలు రెండుంటాయి. వేలితో ఒకదాన్ని నొక్కి ఆపాడు, కీచు ఆగింది. "ఎండిపోయినై. తుడిచి చుక్క నూనె వెయ్యండి, అదే పోద్ది. పాపం హబ్బునేమీ అనకండి."

ఆయన అడిగిన క్రమంలోనే రోగ నిర్ధారణ అంతా ఉంది. గోల చేసే హబ్బు అని షాపుకొచ్చే మడత సైకిళ్లలో చాలావాటికి హబ్బు నిర్దోషి. మడత సైకిల్‌కి మామూలు సైకిల్‌కి లేని కీళ్లున్నాయి: ఫ్రేము మడత, హ్యాండిల్ మడత, వెనక త్రిభుజం తిరిగే కీలు, పొడవాటి సీటు గొట్టం, మడిచే పెడల్. వీటిలో ఎక్కడ కిర్రుమన్నా సన్నటి గొట్టాల వెంట పాకి ఎక్కడినుంచో వచ్చినట్టుంటుంది. సీటు మీంచి లేచి తొక్కితే చప్పుడు పోయిందా, సీటు గొట్టం. ఎవరైనా సైకిల్‌ని నిలబెట్టి పట్టుకుని బ్రేకు నొక్కి ముందుకీ వెనక్కీ కుదిపితే టక్కుమందా, ఏదో మడత కీలు వదులు.

ఇంకో కిటుకు లెక్కతో కూడినది. ముందు 50 పళ్లు, వెనక 13 పళ్లు ఉన్న సైకిల్‌లో రెండో గేరు మీద పెడల్ ఒక చుట్టు తిరిగేలోపు వెనక చక్రం దాదాపు నాలుగు చుట్లు తిరుగుతుంది. చప్పుడు పెడల్ చుట్టుకి ఒక్కసారి వస్తే దోషం ముందు వైపు: పెడల్, క్రాంకు, దాని ఇరుసు. నాలుగుసార్లు వస్తే వెనక చక్రం. అదీ ఒక్క గేరులోనే వస్తేనే గేర్ల సంగతి ఆలోచించాలి.

గేర్లలోనూ రోగాలు వేరు. ఒకటో గేరులో కరకరమని, అప్పుడప్పుడు రెండుకి దూకినట్టుంటే కేబుల్ వదులైంది, కుడి జట్టు నాలుకలు పూర్తిగా అణగడం లేదు. మూడో గేరులో గట్టిగా తొక్కినప్పుడు టప్పుమని జారితే కేబుల్ మరీ బిగుసుకుంది, లేదా క్లచ్చు మూలలు అరిగి గుండ్రమయ్యాయి. పాత ఏడబ్ల్యూలో రెండుకీ మూడుకీ మధ్య ఏ గేరూ లేని సందు ఒకటుంది, క్లచ్చు అక్కడ ఆగితే పెడల్ ఉత్తినే తిరుగుతుంది. లేచి నిలబడి తొక్కేవాడు ఫ్రేము మీద పడతాడు, ఆ నొప్పి వర్ణించనక్కర్లేదు. తర్వాతి నమూనాల్లో ఆ సందు తీసేశారు. అన్ని గేర్లలోనూ, తొక్కడం ఆపినా సరే, గరగరమని ఇసుక నలిగినట్టుంటే మాత్రం దోషం బాల్సుది, అవి పరుగెత్తే కోనులది. అప్పుడే విప్పే మాట.

అరచుట్టు

కేబుల్ సరిచెయ్యడానికి పనిముట్లే అక్కర్లేదు. దీనితోనే సగం సైకిళ్లు బాగుపడతాయని నా గట్టి నమ్మకం. ఇరుసు చివర ఉన్న నట్టుకి ఒక కిటికీ ఉంటుంది. లీవరు రెండో గేరులో పెట్టి, పెడల్ కాస్త వెనక్కి ముందుకి ఆడించి, ఆ కిటికీలోకి చూడాలి. చిట్టి గొలుసు ఒక సన్నటి కడ్డీకి అతుక్కుని ఉంటుంది. కడ్డీ లావు తగ్గి గొలుసు మొదలయ్యే భుజం ఇరుసు చివరతో సరిగ్గా సమానంగా ఉండాలి. బ్రాంప్టన్ విశాల శ్రేణి హబ్బులో ఒక మిల్లీమీటరు మించకుండా బయటికి ఉండొచ్చు. లోపలికి ఉంటే కేబుల్ బిగించే బుడిపెను తిప్పి లాగాలి, ఎక్కువ బయటికొస్తే వదలాలి. తర్వాత మూడు గేర్లూ వేసి మళ్లీ రెండుకొచ్చి ఇంకోసారి చూడాలి. కేబుల్ తొడుగులో తుప్పు ఉంటే ప్రతిసారీ ఒక్కో చోట ఆగుతుంది. అలా ఆగితే సర్దుబాటు మానేసి కేబులే మార్చాలి.

చాలామంది చేసే తప్పు ఆ గొలుసుని ఇరుసులోకి మరలా బిగదీయడం. వేళ్లతో ఆగేదాకా తిప్పాక, కేబుల్ వచ్చే దిక్కుకి గొలుసు వాలేలా అరచుట్టు లోపు వెనక్కి వదలాలి. బిగదీసి పెడితే గొలుసు మెలిపడి, కొన్నాళ్లకి లింకు తెగుతుంది. తెగినా నడిరోడ్డు మీద ఆగిపోరు. కేబుల్ లాగనప్పుడు స్ప్రింగు క్లచ్చుని మూడో గేరులోకి నెడుతుంది. ఆయాసపడుతూనైనా ఇల్లు చేరొచ్చు.

నూనె దగ్గర మన అలవాట్లతో పేచీ వస్తుంది. పాత హబ్బుల డబ్బా మీద చిన్న మూతతో బెజ్జం ఉండేది, నెలకి నాలుగు చుక్కలు వేస్తే చాలు. కొత్తవాటికి ఆ బెజ్జం లేదు. చిట్టి గొలుసు, కడ్డీ తీసేసి, బోలు ఇరుసులోంచే చుక్కలు వెయ్యొచ్చు, చక్రాన్ని ఎడమ వైపు పడుకోబెట్టి. ఏ నూనె? పల్చటి మోటారు ఆయిల్, 20 గ్రేడు లాంటిది. కొబ్బరి నూనె పనికిరాదు. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. వేసవిలో బెజవాడలో ఏమీ తెలియదు గానీ డిసెంబరు తెల్లవారుజామున ఆదిలాబాదులో నాలుకలు దిగబడిపోతాయి. చెట్టు నూనెలు చాలావరకు గాలి తగిలి జిగురవుతాయి. అన్నిటికంటే హాని చేసేది ప్రేమ కొద్దీ హబ్బు నిండా గ్రీజు కూరడం. గ్రీజు బాల్సుకి, కోనులకి. నాలుకలకి నూనె మాత్రమే. గ్రీజులో మునిగిన నాలుకని వెంట్రుకంత స్ప్రింగు లేపలేదు.

సుత్తి, సుద్దముక్క, పాత పంచె

వానాకాలం తర్వాత విప్పక తప్పని హబ్బులు వస్తాయి. 16 అంగుళాల చక్రానికి ఇరుసు నేల నుంచి 21 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. హైదరాబాదులో ఓ గంట వాన దంచితే కొన్ని అండర్‌పాసుల్లో ఆ ఎత్తు ఏ మూలకీ చాలదు. హబ్బుకి ధూళి ఆపే మూతలున్నాయి, నీళ్లు ఆపే సీళ్లు లేవు. లోపలికి వెళ్లిన నీరు నూనెతో కలిసి తెల్లటి జిగురవుతుంది, ఆ వెనకే తుప్పు.

ఏడబ్ల్యూ విప్పడం కష్టం కాదు గానీ వరస తప్పకూడదు. చక్రం ఊడదీసే ముందు టైరు గాలి తీసి, గొలుసు విప్పి, చెయిను బిగించే చేతిని తప్పించాలి. నట్లు 15 మిల్లీమీటర్ల పానాకి వస్తాయి. నట్టు వెనక ఉండే కొక్కెం వాషరు ఏ పక్కది, ఏ మొహం లోపలికి ఉందో ఫోటో తీసుకోండి. ఇరుసు తిరక్కుండా ఆపేది అదే, తిరగేసి పెడితే మొదటి మలుపులోనే తెలుస్తుంది. ఎడమ కోను, దాని లాక్ నట్టు తీసేస్తే ఆ పక్క పని అయిపోతుంది. మిగతా సరంజామా అంతా కుడి వైపు నుంచి వస్తుంది.

కుడి వైపు డబ్బాకి మరలా బిగిసి ఉండే బాల్ రింగు అసలు పరీక్ష. దాని అంచున గంట్లుంటాయి. మొద్దు ఉలి లాంటి ఇనుప ముక్క గంటులో ఆనించి, సుత్తితో మామూలు మరని విప్పే దిక్కుకే కొట్టాలి. మొదటి దెబ్బ వేసే ముందు ఒక పని: బాల్ రింగు మీద, డబ్బా మీద ఒకే గీతలో సుద్దతోనో సన్నటి ఆకురాయితోనో గుర్తు పెట్టాలి. దాని మర రెండు మొదళ్లున్న మర. తిరిగి బిగించేటప్పుడు మరో మొదలు అందుకుంటే రింగు కూర్చునే తీరు మారి, అప్పటిదాకా నిటారుగా తిరిగిన చక్రంలో బెండు కనపడుతుంది. అప్పుడు పుల్లలు బిగిస్తూ కూర్చుంటారు, తప్పు పుల్లల్లో లేకపోయినా.

రింగు వదిలాక లోపలి సరంజామా మొత్తం ఒక ముద్దగా చేతిలోకి వస్తుంది. కింద పాత తెల్ల పంచె పరిచి పెట్టుకుంటే జారిన స్ప్రింగు కనపడుతుంది, గచ్చు మీద పడితే ఇక అంతే. ఒక్కో భాగం వచ్చిన వరసలో ఎడమ నుంచి కుడికి పేర్చాలి. కిరసనాయిల్‌లో బ్రష్షుతో కడిగి, ఆరాక చూడాల్సినవి కొన్నే. నాలుక మొన పదునుగా చతురస్రంగా ఉందా, అరిగి గుండ్రమైందా. వేలితో నొక్కి వదిలితే టప్పున లేస్తుందా, బద్ధకంగా లేస్తుందా. క్లచ్చు శిలువ నాలుగు చివర్లు, అవి పట్టుకునే గ్రహాల మేకుల తలలు గుండ్రమయ్యాయా. కోను మీద బాల్సు పరుగెత్తే దారిని వేలిగోరుతో గీరితే గుంటలు తగులుతున్నాయా. గుంటలు పడ్డ కోనుకి ఎంత గ్రీజు పెట్టినా గరగర పోదు, మార్చాల్సిందే. పళ్ల చక్రాలు మాత్రం అరగడం చాలా అరుదు.

తిరిగి కూర్చేటప్పుడు కుడి కోనుని వేళ్లతో ఆగేదాకా బిగించి, అరచుట్టు వెనక్కి వదిలి, లాక్ చెయ్యాలి. ఆ తర్వాత దాన్ని ముట్టుకోకూడదు. సర్దుబాటంతా ఎడమ కోనుతోనే. రిమ్ము పట్టుకుని పక్కలకి ఊపితే లేశమంత కదలిక తెలియాలి, ఇరుసు దగ్గర కనపడకూడదు. అంతకంటే బిగిస్తే బాల్సు నలిగి కొత్త చప్పుడు పుడుతుంది, చక్రం బరువుగా తిరుగుతుంది. మన మెకానిక్కులకి ఈ చివరి సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి కోనులు సర్దినవాళ్లు.

ఇదంతా ఏడబ్ల్యూ గురించి. బ్రాంప్టన్ విశాల శ్రేణి హబ్బు లోపలి పొందిక ఇంకా చిక్కు, దాన్ని ఇంట్లో విప్పకపోవడమే మేలు. అరుగుదల ముదిరితే షాపుల్లో లోపలి భాగం మొత్తం ఒకేసారి మారుస్తారు. షిమానో నెక్సస్ హబ్బు ఉన్న మడత సైకిళ్లకి చిట్టి గొలుసు ఉండదు. మూడు గేర్లదైతే రెండో గేరులో, ఏడు ఎనిమిది గేర్లవైతే నాలుగో గేరులో, హబ్బు దగ్గరి రంగు గుర్తులు ఒకదానికొకటి ఎదురుగా రావాలి. జర్మనీ రోహ్లాఫ్ 14 గేర్ల హబ్బుకి 5,000 కిలోమీటర్లకో ఏడాదికో నూనె మార్చాలి. దాని ఏడో గేరు గోల జగమెరిగినది, దాన్ని బాగుచేయించాలని తిరిగితే డబ్బు దండగ.

ఏడబ్ల్యూకి విడిభాగాలు తైవాన్ నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. పాత నాటింగ్‌హమ్ హబ్బుల్లోకి కూడా వాటిలో చాలా భాగాలు సరిపోతాయి, సందు లేని కొత్త నమూనావి తప్ప. కాబట్టి ముందు డబ్బా మీద గుద్దిన సంవత్సరం చూసి, తర్వాత ఆర్డర్ పెట్టండి. నాలుకల స్ప్రింగులు అవసరానికి మించి రెండు తెప్పించుకోండి, ఎంత పంచె పరిచినా ఒకటి పోతుంది. కూర్చాక ఓ పది కిలోమీటర్లు తొక్కి వచ్చి, ఇరుసు నట్లు ఇంకోసారి బిగించి, రెండో గేరులో పెట్టి ఆ కిటికీలో భుజం ఎక్కడుందో మళ్లీ చూడాలి. కొత్త కేబుల్ మొదటి వారంలో కచ్చితంగా సాగుతుంది.